శ్రవ్యకథనంలో పాఠశాల: ‘నైస్ వైట్ పేరెంట్స్’ పాడ్‌కాస్ట్ – ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

విద్యావిధానాన్ని అధ్యయనం చేసేవారికి అందుబాటులో ఉండే ఆకరాలు సాధారణంగా కమిషన్ల నివేదికలు, ప్రభుత్వ ఉత్తర్వులు, నమోదు పట్టికలు. ఒక విధానం వల్ల లాభపడినవారు, నష్టపోయినవారు వీటిలో సంఖ్యలుగా మాత్రమే కనిపిస్తారు. వారు దాని గురించి ఏ స్వరంతో మాట్లాడతారో, ఎక్కడ మాట మింగుతారో తెలిసే వీలు లేదు. గత రెండు దశాబ్దాలలో రూపుదిద్దుకొన్న పాడ్‌కాస్ట్ ప్రక్రియ ఈ లోటును కొంత పూరించింది. విద్య, సామాజికన్యాయం వస్తువులుగా వెలువడిన శ్రవ్యకథనాలలో 2020 జూలైలో విడుదలైన ‘నైస్ వైట్ పేరెంట్స్’ ప్రత్యేకంగా చర్చించదగినది. సీరియల్ ప్రొడక్షన్స్ నిర్మించగా న్యూయార్క్ టైమ్స్ ద్వారా వెలువడిన ఈ అయిదు భాగాల ధారావాహికకు కథకురాలు హానా జాఫీ-వాల్ట్.

దీనిని సమాచార కార్యక్రమంగా కాక కథనంగా చదవడం ఈ వ్యాసోద్దేశం. ‘చదవడం’ అన్న మాట ఇక్కడ కొంత ఇబ్బందికరమే. వినడాన్ని విమర్శపద్ధతిగా సూచించే మాట మన సాహిత్య విమర్శలో ఇంకా స్థిరపడలేదు.

2. ఉత్తరాలు – గొంతులు

కథాస్థలం న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో ఉన్న ఒక ప్రభుత్వ మాధ్యమిక పాఠశాల. అక్కడ చదివేవారిలో అత్యధికులు నల్లజాతి, లాటినో, అరబ్ కుటుంబాల పిల్లలు. 2015లో అకస్మాత్తుగా శ్వేతజాతి కుటుంబాలు తమ పిల్లలను అక్కడ చేర్చడం ప్రారంభించాయి. వారిలో కొందరు ఫ్రెంచి భాషా కార్యక్రమం కోసం నిధుల సేకరణకు పూనుకొన్నారు. ఆ సంగతి అప్పటికే పనిచేస్తున్న తల్లిదండ్రుల సంఘానికి ముందుగా తెలియదు. సమావేశంలో అది బయటపడినప్పుడు వినిపించే తడబాటు, మర్యాదపూర్వకమైన నవ్వులు, ఎవరో సర్ది చెప్పడం – ఇవన్నీ మొదటి భాగంలో యథాతథంగా ఉన్నాయి. ఎవరూ దురుద్దేశంతో మాట్లాడరు. అయినా సమావేశం ముగిసేసరికి ఆ బడి ఎవరిదన్న ప్రశ్నకు సమాధానం మారిపోయి ఉంటుంది.

ధారావాహికలో అత్యంత సమర్థమైనది రెండవ భాగం. జాఫీ-వాల్ట్ నగర పురపాలక భాండాగారంలో వెదికి, ఇదే బడి నిర్మాణానికి సంబంధించి 1960ల తొలినాళ్ళలో శ్వేతజాతి తల్లిదండ్రులు విద్యామండలికి రాసిన ఉత్తరాలను బయటికి తీశారు. గొవానస్ హౌసెస్ అనే ప్రభుత్వ గృహసముదాయం పక్కన కాకుండా, శ్వేతజాతీయులు నివసించే వీధులకు దగ్గరగా బడి కట్టాలని వారు కోరారు. అలా కడితే తమ పిల్లలు కూడా అందులో చేరతారని, వర్ణభేదం లేని బడి ఏర్పడుతుందని వాదించారు. కోరినట్లే బడి స్థలం మారింది. వారి పిల్లలు మాత్రం రాలేదు.

ఇంతవరకు ఏ చరిత్రకారుడైనా చేయగల పనే. పాడ్‌కాస్ట్ ఆ తర్వాత అడుగు వేసింది. అర్ధశతాబ్దం దాటిన తరువాత ఆ ఉత్తరాలు రాసినవారిని వెదికి, ఫోనులో పలకరించింది. వృద్ధాప్యపు గొంతులలో వారు తమ ఉత్తరాన్ని గుర్తు చేసుకోవడం, సమర్థించుకోవడం, కొంతసేపు ఆగిపోవడం మనం వింటాం. ఆ భాగానికి పెట్టిన ‘ఐ స్టిల్ బిలీవ్ ఇన్ ఇట్’ అన్న శీర్షికలోని వ్యంగ్యం ఆ విరామాలను విన్నవారికే పూర్తిగా అర్థమవుతుంది. ముద్రిత పాఠంలో ఆ మౌనానికి చోటు లేదు. విశ్వాసానికీ ఆచరణకూ నడుమ ఉన్న దూరాన్ని ఇక్కడ వ్యాఖ్యానం చెప్పదు, ఆ మౌనమే చెబుతుంది. లిఖిత ఆకరాన్ని సజీవ స్వరంతో ఎదురెదురుగా నిలిపిన ఈ పద్ధతి మౌఖిక చరిత్రపై పనిచేసే పరిశోధకులకు గట్టి నమూనా.

ఇదే కాలానికి చెందిన మరొక సంఘటన కూడా కథనంలో ప్రస్తావనకు వస్తుంది. 1964 ఫిబ్రవరి 3న, మిల్టన్ గాలమిసన్ నాయకత్వంలో, న్యూయార్క్ బడులలోని వర్ణవిభజనకు నిరసనగా 4,60,000 మందికి పైగా విద్యార్థులు తరగతులను బహిష్కరించారు. అంత పెద్ద ఉద్యమం ప్రజాస్మృతిలో నిలవకపోవడం, కొన్ని ఉత్తరాలు మాత్రం ఒక బడి స్థలాన్నే మార్చగలగడం, ఈ రెండింటినీ పక్కపక్కన ఉంచడంలోనే కథకురాలి వాదం ఉంది.

3. ఎవరి కథ?

ఈ ధారావాహికపై నా ప్రధానమైన అభ్యంతరం ఇక్కడ మొదలవుతుంది. శ్వేతజాతి తల్లిదండ్రుల అధికారాన్ని విమర్శించే కథనం ఎక్కువ సమయాన్ని వారికే కేటాయించింది. శీర్షికే ఆ సంగతి ఒప్పుకొంటుంది కదా అనవచ్చు. తానూ శ్వేతజాతి తల్లినేనని జాఫీ-వాల్ట్ దాచలేదు. అయితే ఆ ఒప్పుకోలు క్రమంగా ఒక కవచంగా మారింది. కథకురాలి ఆత్మపరిశీలనకు దొరికిన వ్యవధి ఆ బడిలో ఏళ్ళ తరబడి చదివిన పిల్లల అనుభవానికి దొరకలేదు. పిల్లల గొంతులు లేవని కాదు, కథను నడిపేవి అవి కావు.

‘దిస్ అమెరికన్ లైఫ్’ కార్యక్రమంలో 2015లో నికోల్ హానా-జోన్స్ చెప్పిన ‘ది ప్రాబ్లమ్ వియ్ ఆల్ లివ్ విత్’ను పక్కన పెట్టి చూస్తే ఈ తేడా స్పష్టమవుతుంది. మిస్సోరి రాష్ట్రంలోని నార్మండీ బడుల గుర్తింపు రద్దయి, అక్కడి నల్లజాతి విద్యార్థులు ఇతర ప్రాంతాల బడులకు మారే హక్కు పొందారు. వారిని చేర్చుకోవలసి వచ్చిన ఫ్రాన్సిస్ హోవెల్ ప్రాంతంలోని తల్లిదండ్రులు బహిరంగ సభలో చేసిన ప్రసంగాలు, వాటికి లభించిన చప్పట్లు కథనంలో దీర్ఘంగా వినిపిస్తాయి. కానీ ఆ చప్పట్లను మనం ఆ సభలో కూర్చుని ఉన్న ఒక విద్యార్థిని, ఆమె తల్లి చెవులతో వింటాం. రెండు కథనాలలోనూ శ్వేతజాతి తల్లిదండ్రులు మాట్లాడారు. ఒకదానిలో వారు కథానాయకులు, మరొకదానిలో ఒక బాలిక దాటవలసిన గోడ. దృష్టికోణం అంటూ కథానికావిమర్శలో మనం పాఠం చెప్పేది ఇదే.

4. తెలుగు సందర్భం

మన విద్యాహక్కు చట్టం (2009) 21వ సెక్షన్ ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు ఉండాలి. సభ్యులలో సగం మంది స్త్రీలు కావాలి. బలహీనవర్గాల తల్లిదండ్రులకు దామాషా ప్రాతినిధ్యం ఇవ్వాలి. కాగితం మీద ఇది బ్రూక్లిన్ సంఘానికి లేని రక్షణ. ఆ కమిటీ గదిలో మైకు పెడితే ఏమి వినిపిస్తుందన్నది వేరే ప్రశ్న.

ఒక విద్యాసంవత్సరంలో మా డిగ్రీ విద్యార్థుల చేత ఇటువంటి శ్రవ్యకథనం చేయించాను. ఒక బృందం మధ్యాహ్న భోజనం వండే ఒక తల్లిని, కమిటీ సభ్యురాలిని, సమావేశాల గురించి అడిగింది. ముగింపు రూపంలో వ్యాఖ్యాత గొంతు శుభ్రమైన పత్రికాభాషలో “ఆమె సమావేశాలకు క్రమం తప్పకుండా హాజరవుతున్నారు” అని చెప్పింది. నాకు అది బాగుందనిపించి మంచి మార్కులే వేశాను. చాలా రోజుల తర్వాత ముడి రికార్డు విన్నాను. ప్రశ్నకు ఆమె కొంతసేపు పలకలేదు. తర్వాత, “పిలిస్తే పోయిన, సంతకం పెట్టిన, వచ్చిన” అంది. విద్యార్థులు ఆ మౌనాన్ని ‘వృథా సమయం’గా, ఆ మాటలను ‘అర్థం కాని యాస’గా భావించి తీసివేశారు. విధానం విఫలమైన చోటును పట్టి ఇచ్చిన ఒకే ఒక్క వాక్యం అది. దానిని తీసివేయించింది నేను నేర్పిన ప్రామాణిక భాషాభిమానమే.

గిడుగు రామమూర్తి వ్యావహారిక భాష కోసం పోరాడినది పాఠ్యపుస్తకాల గురించే. సవరల భాష నేర్చుకొని, వారి పిల్లల చదువుకు వారి భాషలోనే పుస్తకాలు సిద్ధం చేసినవాడాయన. విద్యపై తెలుగులో పాడ్‌కాస్ట్ చేయదలచినవారు ఆయన వాదాన్ని నేటి ఎడిటింగ్ బల్ల మీదికి తెచ్చుకోవలసి ఉంది. ఏ వాక్యాన్ని ఉంచాలి, ఏ విరామాన్ని కత్తిరించాలి అన్నది సాంకేతిక నిర్ణయంగా కనబడుతుంది గానీ, అది ప్రాతినిధ్యపు నిర్ణయం. పరిశోధకులు ఇటువంటి కథనాలను ఆకరాలుగా వాడేటప్పుడు ముగింపు రూపంతో పాటు ముడి రికార్డును కూడా భద్రపరచి పరిశీలించడం అవసరం. మా విభాగంలో ఆ తల్లి మాటలున్న ఫైలును అందుకే విడిగా దాచి ఉంచాం. ఈ ఏడాది విద్యార్థులకు ముందుగా దానినే వినిపిస్తున్నాను.