పాట ఎవరి చెవిన పడుతుంది?

బాధితుల పాట ఎవర్నీ బాధపెట్టదని మేం అనుకునేవాళ్ళం. ఐరిష్ తిరుగుబాటు పాటల గొడవ ఆ నమ్మకాన్ని కదిలించింది.

2022 అక్టోబర్ 11న గ్లాస్గోలో స్కాట్లాండ్‌ని ఓడించి ఐర్లాండ్ మహిళల ఫుట్‌బాల్ జట్టు మొదటిసారి ప్రపంచ కప్‌లో చోటు సంపాదించింది. ఆ సంబరంలో, డ్రెస్సింగ్ రూమ్‌లో, వోల్ఫ్ టోన్స్ బృందం పాటొకటి అందుకున్నారు. గ్లాస్గోకి వలసొచ్చిన ఐరిష్ జనం పెంచుకున్న సెల్టిక్ క్లబ్బు నూరేళ్ళ పండక్కి కట్టిన పాట అది. అందులో ఐఆర్ఏకి జేకొట్టే మాటలున్నాయి. వీడియో బయటికి రాగానే కోచ్, ఫుట్‌బాల్ సంఘం క్షమాపణ చెప్పుకున్నారు. తర్వాత యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య 20,000 యూరోల జరిమానా వేసింది.

మేం వెంటనే పాడినవాళ్ళ పక్షం చేరాం. ఎందుకు చేరం? అదే స్కాట్లాండ్ మైదానాల్లో ఐరిష్ సంతతిని వెళ్ళిపొమ్మని వెక్కిరించే పాటొకటి మోగేది. అది జాతివివక్షేనని 2009లో అక్కడి కోర్టే తేల్చింది. పొమ్మనే మాట మాకేం కొత్త? 1972లో డెర్రీలో పౌరహక్కుల ఊరేగింపు మీద బ్రిటిష్ సైన్యం కాల్చి ఆ రోజే 13 మందిని చంపింది. ప్రధాని క్షమాపణ 2010లో వచ్చింది. 38 ఏళ్ళు! ఈ ఆటగాళ్ళ తరఫున మాత్రం మర్నాటికే రావలసి వచ్చింది.

కోపం చల్లారాక మళ్ళీ ఆలోచించాం. తిరుగుబాటు పాటలన్నీ ఒకటి కావు. 1920లో 18 ఏళ్ళకే ఉరికంబమెక్కిన కెవిన్ బారీ మీది పాట ఒక శోకం. ఐర్లాండ్ జాతీయగీతమే ఒకప్పటి తిరుగుబాటు పాట. వీటికి ఎవరూ క్షమాపణ చెప్పక్కర్లేదనే ఇప్పటికీ అంటాం.

కానీ ఐఆర్ఏ అంటే ఏ ఐఆర్ఏ? 1919-21లో సామ్రాజ్యంతో తలపడిందని పాడేవాళ్ళలో కొందరంటారు. ఉత్తర ఐర్లాండ్‌లో వినేవాళ్ళకి 1969లో పుట్టిన ప్రొవిజనల్ ఐఆర్ఏ వినపడుతుంది. 1987 నవంబర్ 8న ఎనిస్కిల్లెన్‌లో యుద్ధమృతులకి నివాళి పట్టడానికొచ్చిన జనం మధ్య దాని బాంబే పేలింది. 11 మంది పోయారు. వాళ్ళ ఇళ్ళల్లో వాళ్ళు ఇంకా బతికే ఉన్నారు. సామ్రాజ్యం చేసిన పాపాలన్నీ ఏకరువు పెట్టినా వాళ్ళకది జవాబు కాదు. మేం పైన చేసింది కొంత అదే.

ఆ ఇంటి మనిషి ఎదురొచ్చి అడిగితే, "ఇది మీ గురించి కాదమ్మా" అని కెవిన్ బారీ పాట పాడేవాడు చెప్పగలడు. డ్రెస్సింగ్ రూమ్ పాటకి ఆ మాట నోట రాదు.