పెళ్లిచూపుల పనితనం

ఉక్కునగరంలో ఒక క్వార్టర్. ఆదివారం ఉదయం. వంటింట్లో ఆరు కప్పుల కాఫీ సిద్ధమవుతోంది. అమ్మాయి పిన్ని ప్రతి కప్పునూ అంచుకు అర అంగుళం కిందే ఆపుతోంది. "నిండుగా పొయ్యొచ్చు కదా పిన్నీ" అంటే, "చెయ్యి వణికితే సాసర్లోకి వచ్చేస్తాదే" అంది. తర్వాత కప్పుల చెవులన్నీ ఒకే వైపుకు తిప్పింది, తీసుకునేవాళ్ల కుడిచేతికి అందేలా.

ట్రే ముందు పెద్దాయన దగ్గరికి వెళ్తుంది, ఆ తర్వాత అబ్బాయి తల్లిదండ్రుల దగ్గరికి, అన్నావదినల దగ్గరికి. అబ్బాయి వంతు చివర. పెద్దవాళ్లకు మర్యాద కోసమే ఈ వరుస అనుకుంటాం గానీ, ఇందులో ఇంకో తెలివి ఉంది. ఐదు కప్పులు దిగేసరికి ట్రే తేలికపడుతుంది, చెయ్యి కుదుటపడుతుంది. మిగతావాళ్లంతా కాఫీ చల్లార్చుకునే పనిలో ఉంటారు. అమ్మాయి తలెత్తి చూడాల్సిన మనిషి ఒక్కడే మిగులుతాడు. ఆ రెండు మూడు క్షణాలు ఎవరూ ఇచ్చినవి కావు, వరుసలోంచి వాటంతటవే వచ్చినవి.

పెళ్లిచూపులనగానే అందరికీ ఈ ట్రేయే గుర్తొస్తుంది. కానీ అది పైకి కనిపించే భాగం మాత్రమే. అసలు పనితనం అంతకుముందూ ఆ తర్వాతా ఉంటుంది. ముందు మధ్యవర్తి చేతికి ఫోటో, జాతకం, బయోడేటా వెళ్తాయి. గోత్రాలు చూసుకుంటారు. ఇరువైపులా ఎవరికి ఎవరు తెలుసో కూపీ లాగుతారు. పోర్టులో పనిచేసే అబ్బాయి గురించి స్టీల్‌ప్లాంటులో వాకబు చేయడం విశాఖలో ఒక్క పూట పని. ఎవరో ఒకరి తోడల్లుడు అక్కడ ఉండనే ఉంటాడు.

ఇల్లు వద్దనుకుంటే గుడి. సంపత్ వినాయకుడి దగ్గరో, సింహాచలం కొండమీదో రెండు కుటుంబాలు 'అనుకోకుండా' కలుస్తాయి. కుదిరితే దేవుడి సన్నిధిలో కుదిరినట్టు. కుదరకపోతే దర్శనానికి వచ్చి వెళ్లినట్టు. పక్కింటివాళ్లకు చెప్పుకోవాల్సిన సంగతేమీ మిగలదు. కట్టు విప్పినా మచ్చ కనబడకుండా చేసిన అమరిక ఇది.

జపాన్‌వాళ్లు ఈ పెళ్లిచూపులనే ఇంకో రకంగా బిగించారు. విశాఖకు జపాన్ కొత్తేమీ కాదు. బైలదిల్లా ఇనుపరాయిని విశాఖ రేవుకు చేర్చి జపాన్ ఉక్కు కర్మాగారాలకు పంపడానికి 1960లలో కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం వేశారు. రాయి ఓడెక్కింది గానీ పెళ్లిచూపులు ఎవరివి వాళ్లవే. అక్కడ వాటిని ఓమియాయి అంటారు, మధ్యవర్తిని నకోడో అంటారు. బయోడేటా పేరు త్సురిగాకి, దానికి జతగా స్టూడియోలో తీయించిన ఫోటో. కలుసుకునేది తరచుగా హోటల్ లాంజిలో. మన గుడి చేసే పనే అక్కడ లాంజి చేస్తుంది.

మన కాఫీకి అక్కడ జోడీ సకురాయు. ఉప్పులో ఊరవేసిన చెర్రీ పువ్వును వేడినీళ్లలో వేస్తే కప్పులోనే విచ్చుకుంటుంది. మామూలు టీ ఇవ్వరు. 'టీని మురికి చేయడం' అంటే వాళ్ల నుడికారంలో మాట దాటవేయడం. సంబంధం మాట్లాడేచోట దాటవేత వాసన కూడా తగలకూడదని పానీయాన్నే మార్చేశారు! మనవాళ్లు శకునానికి పిల్లిని చూస్తారు గానీ, జాతీయానికి జడిసి కాఫీ మానలేదు.

ఇక చెడగొట్టేవి. జపాన్‌లో నోరు చప్పుడు చేస్తూ నమిలితే, వడ్డించేవాడితో దురుసుగా మాట్లాడితే, ఎదుట మనిషిని పెట్టుకుని ఫోన్ చూస్తే మార్కులు పోయినట్టే. తినే పుల్లల్ని (చాప్‌స్టిక్స్) అన్నంలో నిలువుగా గుచ్చితే మరీ తప్పు, అది చనిపోయినవాళ్లకు పెట్టే తీరు. మన దగ్గరా ఫోన్ చూసే పెళ్లికొడుకు గెలవడు. పడకగది దాకా నడిచి బీరువా చూసొచ్చే తల్లీ అంతే. పాట పాడమని, నడిచి చూపమని అమ్మాయిని అడిగే భాగం ఒకప్పుడు ఉండేది, అది ఊడిపోయింది, పీడా పోయింది. కట్నాన్ని 1961లోనే చట్టం నిషేధించింది. ఆ తుప్పు మాత్రం ఇంకా గోకాల్సే ఉంది.

నాకు అన్నిటికన్నా ముచ్చట గొలిపేది 'కాదు' అనే మాటను మోసుకెళ్లే తీరు. ఆ గదిలో దాన్ని ఎవరూ పలకరు. "ఇంటికెళ్లి కబురు చేస్తాం" అని లేస్తారు. ఆ కబురు మధ్యవర్తి ద్వారానే వస్తుంది, వచ్చేసరికి రూపం మారి ఉంటుంది: జాతకం నప్పలేదట, పెద్దావిడ ఏడాది దాకా వద్దంటోందట. తర్వాత ఫోటో వెనక్కి వస్తుంది. వద్దన్నది అబ్బాయా, తల్లా, గ్రహాలా అన్నది ఎవరికీ తేలదు, తేలకూడదు కూడా. అక్కడ నకోడో ఇదే పని చేస్తాడు, ఫోటో, త్సురిగాకీ తిరిగిచ్చేస్తాడు. 'గోఎన్ లేదు' అంటాడు. గోఎన్ అంటే మన ఋణానుబంధానికి చాలా దగ్గరి మాట. అంత దూరాన ఉన్న రెండు దేశాలు నెపాన్ని తీసుకెళ్లి ఒకే చోట పెట్టాయి, మనుషుల మీద కాకుండా రాత మీద.

1960ల చివరికి జపాన్‌లో ప్రేమ పెళ్లిళ్లు ఓమియాయిని దాటేశాయి. మధ్యవర్తి లేనిచోట, ఇద్దరూ ఒప్పుకున్నారన్న స్పష్టత ఇంకెక్కడో ఉండాలి కదా. అందుకే అక్కడ కొన్నిసార్లు కలిసి తిరిగాక ఒకరు "నాతో జతగా ఉండండి" అని నోరు తెరిచి అడుగుతారు. దాన్ని కొకుహకు అంటారు. అది అయ్యాకే ఇద్దరూ జంట కింద లెక్క.

విశాఖలో వేరే పద్ధతి. ఆర్కే బీచిలో మూడేళ్లు తిరిగినవాళ్లు కూడా, ఇంట్లో ఒప్పుకోవాలంటే ఒక ఆదివారం కొత్తవాళ్లలా ఎదురెదురుగా కూర్చోవాల్సిందే. ఆ రోజు క్వార్టర్లోనూ జరిగింది అదే, పిన్నికి తప్ప ఎవరికీ తెలియదనుకున్నారు. అమ్మాయి చెంచాతో పంచదార గిన్నె పట్టుకుని ఒక్కొక్కరినీ అడుగుతూ వచ్చింది. "మీకెంతండీ?" "ఒకటి చాలమ్మా." అబ్బాయి ముందుకొచ్చేసరికి అడగలేదు, వెయ్యలేదు, గిన్నె పట్టుకుని అలాగే లోపలికి వెళ్లిపోయింది. అతను తాగేశాడు. అబ్బాయి తల్లి కప్పులోంచి తలెత్తి కొడుకుని ఒకసారి చూసి, మాడుగుల హల్వా ఇంకో ముక్క తీసుకుంది.