సంకటి కెలకడం రాని ఎమ్మెస్

జులై, ఆగస్టు వచ్చాయంటే ప్రొద్దుటూరులో, కర్నూలులో, నంద్యాలలో ఎన్నో ఇళ్ల హాళ్లలో రెండేసి సూట్‌కేసులు నోరు తెరుచుకొని కనిపిస్తాయి. ఒక్కోదానికి 23 కిలోలు. ఆవకాయ డబ్బా పెడితే కుక్కర్ బరువెక్కువవుతుంది, కుక్కర్ పెడితే సున్నుండలు తీసేయాలి. తూకం మిషన్ కొక్కేనికి పెట్టెను పదిసార్లు తగిలించి, పదిసార్లు సర్దుతారు. ఇంత తూచే ఇంట్లో, ఆ పిల్లవాడికి అన్నం వండుకోవడం వచ్చా అని అడిగేవారు తక్కువ. విదేశీ చదువుకు మనం చేసే ఏర్పాట్లలో అతి పెద్ద లోటు ఇదేనని నా వాదన. పరాయి దేశంలో విద్యార్థి రోజులో పాఠం ఎంతో పొయ్యి, సంచి, లెక్క కూడా అంతే. వాటికి మాత్రం మనం కోచింగ్ ఇప్పించం.

తప్పు పిల్లలది కాదు. పదో తరగతి అయిపోగానే ఇంటర్‌కు విజయవాడకో హైదరాబాద్‌కో పంపుతాం. అక్కడినుంచి ఇంజనీరింగ్ హాస్టల్. పదిహేనో ఏట నుంచి ఇరవై రెండో ఏడు దాకా వాళ్లు ప్లేటు పట్టుకొని మెస్ లైన్లో నిలబడ్డవాళ్లే. సెలవులకు ఇంటికొస్తే అమ్మ మంచం దగ్గరికే తెచ్చిపెడుతుంది, పాపం పిల్లాడు చిక్కిపోయాడని. బేళ్లు ఎంతకొస్తున్నాయో, నెలకు నూనె ఎంత పడుతుందో తెలిసే సందర్భమే రాదు. ఆ చేతికి ఒక్కసారిగా డాలసో సిడ్నీయో అప్పగిస్తాం. నలుగురు కలిసిన రూములో వంట వంతు వచ్చిన మొదటి రోజే అసలు ప్రవేశ పరీక్ష.

అక్కడ రోజు ఎలా గడుస్తుందో, చేతిలో డబ్బెంత ఉంటుందో చూడండి. అమెరికాలో ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లు సెమిస్టర్ నడుస్తున్నంతకాలం క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. జర్మనీకి వెళ్లేవాళ్లు, నెలనెలా కొంత మాత్రమే తీసుకోగల బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు చూపాలని 2024లో నిర్ణయించారు. అంటే చేతికొచ్చేది నెలకు 992. అద్దె, ఆరోగ్య బీమా, ఫోను అందులోనే. పైగా జర్మనీలో ఆదివారం దుకాణాలు దాదాపు అన్నీ మూతే, కాబట్టి శనివారం సాయంత్రానికే సరుకులు తెచ్చుకోవాలి. అమెరికాలో అయితే ఇండియన్ స్టోర్‌కు పోవడానికి ఎవరి కారు ఖాళీగా ఉందో కనుక్కోవాలి. బట్టలు ఉతకడానికి లాండ్రీ మిషన్ దగ్గర వంతు, స్ప్లిట్‌వైజ్ యాప్‌లో ఉల్లిగడ్డల దగ్గర్నుంచి లెక్క. వీటన్నిటి మధ్యన అసైన్‌మెంట్. బయట తింటూ ఇదంతా నెట్టుకురావడం అప్పు తీసుకొని చదివేవాళ్లకు అయ్యేపని కాదు.

ఇక్కడే సీమ వంటను మనం తక్కువగా చూస్తున్నాం. నీళ్లు, కట్టెలు, తీరిక, మూడూ కరువైన నేలలో పుట్టిన వంట అది. విద్యార్థికీ డబ్బు, తీరిక కరువే. సంకటినే తీసుకోండి. గుప్పెడు బియ్యం మెత్తగా ఉడికేటప్పుడు రాగిపిండిని మధ్యలో కుప్పగా పోసి, కలపకుండా మూతపెట్టి సన్నసెగ మీద వదిలేయాలి. పిండి ఆవిరికి మగ్గాక దించి, గిన్నెను రెండు కాళ్ల మధ్య బిగించి తెడ్డుతో కెలకాలి. ఉండలు కట్టకుండా కెలకడమే ఇందులో విద్య, మిగతాదంతా పొయ్యే చూసుకుంటుంది. తడిచేత్తో ముద్ద చేస్తే అయిపోయింది. నంజుకోవడానికి ఊరిబిండి. వేయించిన చెనిక్కాయలు, మిరపకాయలు, చింతపండు, తెల్లగడ్డ, ఉప్పు మిక్సీలో తిప్పితే చాలు. ఎండుమిరపకాయల తిరగమాత ఘాటుకు పొగ అలారం మోగి అపార్ట్‌మెంటంతా మెట్లు దిగే ప్రమాదం కూడా ఇందులో తక్కువ. 100 గ్రాముల రాగుల్లో కాల్షియం సుమారు 350 మిల్లీగ్రాములు, చెనిక్కాయల్లో నాలుగో వంతు ప్రొటీనే. రాత్రి పదకొండుకు షిఫ్ట్ దిగి వచ్చినవాడికి ఇంతకన్నా ఏం కావాలి?

రాగులు అక్కడ ఎక్కడ దొరుకుతాయని అడగొచ్చు. ఇండియన్ స్టోర్‌లో దొరుకుతాయి. లేని ఊళ్లో ఆఫ్రికన్ దుకాణం ఉందేమో చూడాలి. అసలు రాగులు తూర్పు ఆఫ్రికా ఎత్తుభూముల నుంచి వేల ఏళ్ల కిందట మనకొచ్చిన పంటే. ఉగాండాలో ఇప్పటికీ రాగిపిండితో ‘కాలో’ అనే ముద్ద చేసుకుంటారు. జొన్నల పుట్టిల్లు సూడాన్ ప్రాంతం, చెనిక్కాయలది దక్షిణ అమెరికా. మన పల్లె తిండి అనుకునేది సగం ప్రపంచం తినేదే. పెట్టెలో మోయాల్సిన పనిలేదు. మోద్దామన్నా అన్నీ కుదరవు. ధాన్యాన్ని పాడుచేసే ఖప్రా పురుగు వస్తుందన్న భయంతో, ప్రయాణికులు మన దేశం నుంచి బియ్యం తీసుకెళ్లడాన్ని అమెరికా ఒప్పుకోదు. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. చెనిక్కాయ పొడి తగిలితే ప్రాణం మీదికి వచ్చే అలర్జీ ఉన్నవాళ్లు ఆ దేశాల్లో ఉంటారు. రూమ్మేట్లను అడక్కుండా మిక్సీ తిప్పకూడదు. అనంతపురం, కడప పిల్లలకు ఇది వినడానికే వింతగా ఉంటుంది.

చదువుకోడానికి పంపి గరిటె పట్టిస్తారా అనే పెద్దలున్నారు. ఆ మాటలో న్యాయముంది. రోజూ మూడు కూరలు చేసుకుంటూ కూర్చుంటే చదువు గట్టెక్కదు. కానీ వంట రానివాడికే గంటన్నర పడుతుంది, వచ్చినవాడు అరగంటలో బయటపడతాడు. యూట్యూబ్ ఉంది కదా అంటారు. అది కొలత చెబుతుంది, మాడుతున్న వాసన చెప్పదు. ఎంబీబీఎస్‌కు కిర్గిజ్‌స్థాన్, ఫిలిప్పీన్స్ పంపేవాళ్లు ఇండియన్ మెస్ ఉందన్న భరోసాతో ఉంటారు. మెస్ మంచిదే, కానీ అన్ని రోజులూ మనవి కావు. 2024 మేలో బిష్కెక్‌లో విదేశీ విద్యార్థుల మీద దాడులు జరిగినప్పుడు గదులు దాటి రావద్దని మన రాయబార కార్యాలయమే చెప్పాల్సి వచ్చింది. గదిలో పిండీ బేళ్లూ ఉండి, వాటితో ఏం చేయాలో తెలిసినవాడికి అలాంటి రెండు రోజులు గడుస్తాయి. ఇక మగపిల్లాడికి వంటేమిటనే మాటకు జవాబు చెప్పడం కూడా దండగ. ఆ రూములో వంతు తప్పించుకొనేవాడికి పేరు పెట్టి మరీ పిలుస్తారు.

వీసా స్టాంపు పడ్డాక విమానం ఎక్కేలోపు కొన్ని వారాలైనా ఉంటాయి. ఆ రోజుల్ని బంధువుల భోజనాలకు, ఫొటోలకు ఇవ్వకండి. అబ్బాయైనా అమ్మాయైనా, వారానికి ఇంత అని చేతికి డబ్బిచ్చి వంటిల్లు అప్పగించండి. మార్కెట్టుకు పోవడం, వండటం, మిగిలింది దాచడం, గిన్నెలు తోమడం, చివర్లో లెక్క చెప్పడం అన్నీ వాళ్లే చేయాలి. ఒక పూట సంకటి మాడితే మాడనివ్వండి, అమ్మలూ, మీరు మాత్రం లేచి వెళ్లి గరిటె లాక్కోకండి.