బొంతకు వెల కట్టేదెలా?

తెలుగులో ఒక పనిని చిన్నబుచ్చాలంటే 'అతుకుల బొంత' అంటే చాలు. సినిమా కథనూ ప్రభుత్వ విధానాన్నీ ఆ ఒక్క మాటతో కొట్టిపారేస్తాం. బొంత కుట్టడం తెలిసినవాళ్లు ఆ మాట అనలేరు. చిరుగుపట్టిన చీరలో ఇంకా సత్తువున్న భాగమేదో వేళ్లతో పట్టిచూసి, అంతమేరకే కత్తిరించి, నాలుగైదు పొరలు ఒకే గుడ్డలా మెదిలేలా బిగించడం చిన్న నేర్పు కాదు. ఇంట్లో బొంతలు కుట్టి సంపాదించాలనుకునేవాళ్లు ముందుగా తేల్చుకోవలసింది ఇదే: అమ్మేది కుట్టు. గుడ్డ కొనేవాళ్లే తెచ్చుకోవాలి.

పాత నూలు చీరే ఎందుకంటే, ఎన్నో ఉతుకులు చూసిన గుడ్డలో గంజి పోయి ఉంటుంది, కుదించుకోవడమూ అయిపోయి ఉంటుంది. దాని పక్కన ఉతకని కొత్త ముక్క వేస్తే మొదటి ఉతుకులోనే అది కుంచించుకుని పాతదాన్ని లాగుతుంది, బొంతంతా ముడతలు పడుతుంది. పాలియెస్టర్ చెమట పీల్చదు, పొరలూ జారిపోతాయి. చీరలు పరిచి, నడిమి నుంచి అంచులకు చేత్తో సాపు చేసి, జానెడుకో టాకా వేశాక అసలు కుట్టు మొదలవుతుంది. సూది అడుగు పొర దాకా దిగిందని కిందనున్న ఎడమచేతి వేలికి తెలియాలి. ఆ వేలికి తగలని కుట్టు పైపొరల్లోనే తిరిగినట్టు. దారం బిగలాగితే గుడ్డ కుచ్చులు పడుతుంది, వదిలేస్తే నిద్రలో కాలివేళ్లు తగులుకుంటాయి. దారమూ నూలుదే మేలు, గట్టి సింథటిక్ దారం మెత్తబడ్డ గుడ్డను కోసేస్తుంది. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లా సిద్దీ మహిళలు 'కవంది' అనే తమ బొంతను ఒక మూల మొదలుపెట్టి, అంచు వెంబడి చుట్టూ తిరుగుతూ నడిమికి వస్తారు. నాలుగు మూలలా మడత గుడ్డతో 'ఫూల' అనే పువ్వులు కుడితేగాని వాళ్ల లెక్కలో అది పూర్తికాదు.

అయిదడుగుల వెడల్పు, ఏడున్నర అడుగుల పొడవున్న బొంతకు అరంగుళానికో వరస చొప్పున 120 వరసలు పడతాయి. అంటే 900 అడుగుల కుట్టు. అంగుళానికి నాలుగు చొప్పున 43,200 కుట్లు. నిమిషానికి 20 వేసినా 36 గంటలు. ఉతకడం, కత్తిరించడం, టాకాలు వేయడం, అంచు మడవడం దీనికి అదనం. గంటకు 80 రూపాయలు చాలనుకున్నా కుట్టుకూలే 2,880 రూపాయలు. ధర తగ్గించమంటే కూలి కోసుకోనక్కర్లేదు. వరసల మధ్య అంగుళం వదిలితే పని సగమవుతుంది, ధరా దిగుతుంది. ఈ లెక్క కాగితం మీద వేసి కొనేవాళ్ల ముందు పెట్టాలి.

మిషన్ కుట్టు దుప్పటి ఇంతకన్నా చాలా చౌక కదా అంటారు. చలికి కప్పుకోవడానికే అయితే అదే కొనుక్కోమనడం మర్యాద. అమ్మ చీరలు బీరువాలో పెట్టుకుని, కట్టుకోలేక, పారేయలేక ఉన్నవాళ్లకు ఆ దుప్పటి ఎందుకూ కొరగాదు. పరాయివాళ్లు కట్టి విడిచిన గుడ్డ కప్పుకోకూడదన్న మన పట్టింపూ ఇక్కడ అడ్డురాదు, ఎవరి గుడ్డ వారికే. ఇలాంటి గిరాకీ గుంపులుగా రాదన్న మాట నిజమే. కానీ రోజుకు నాలుగు గంటలు కూర్చునే మనిషి నెలకు రెండు బొంతలకు మించి కుట్టలేదు.

'తీరిక వేళ కుట్టేదానికి గంటల లెక్కేమిటి?' అన్నదే బరువైన అభ్యంతరం. దానికి జవాబు నరసాపురం లేసులో ఉంది. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు గోదావరి జిల్లాలో నేర్పిన ఆ అల్లిక దేశాలు దాటి అమ్ముడుపోయింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ దాని మీద 1982లో పుస్తకమే రాశారు. రోజంతా అల్లే ఆడవాళ్లను గృహిణులనీ, వాళ్ల పనిని కాలక్షేపమనీ పిలవడం వల్లే కూలి అంత అడుగంటిందని ఆమె వాదన. బొంతకూ అదే గతి పట్టకూడదంటే, కూర్చున్న ప్రతిసారీ గంటలు రాసే నోటుపుస్తకం సూదిపెట్టె పక్కనే ఉండాలి.

చీరలు తీసుకునేటప్పుడే వెలుతురుకు పట్టి, రెండు చేతులా మెల్లగా లాగి చూడాలి. మడతల్లో చిట్లిన పట్టుచీర కుట్లను భరించదని అప్పుడే చెప్పేయాలి. మిగిలిన ముక్కలు మూటగట్టి తిరిగి ఇవ్వాలి. కొంగు ఎక్కడ రావాలో మాత్రం కత్తెర పట్టకముందే చీరలిచ్చినవాళ్లనే అడగాలి. కొందరికి అది తలవైపు, చెంపకు తగిలేలా కావాలి.