నాడి అందినా నాడి దెబ్బతినవచ్చు: వైద్య పరిభాషపై ఒక పరిశీలన

అనేకార్థత కవిత్వానికి బలం. శాస్త్రరచనలో ఒకే పదం రెండు భిన్న దేహభాగాలను సూచిస్తే అర్థనిర్ణయం కుంటుపడుతుంది. పిరుదు కండరాల కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్‌ను ఆధారంగా చేసుకొని ‘నాడి’, ‘నరం’ అనే పదాల ప్రయోగాన్ని విమర్శించడం ఈ వ్యాసోద్దేశం.

సంస్కృతంలో ‘నాడి’కి గొట్టం అనే అర్థం ఉంది. నాడీపరీక్షలో అది ధమనీ స్పందన. పాఠ్యపుస్తకాల ‘నాడీ వ్యవస్థ’లో మెదడు, వెన్నుపాము, వాటి తంతువులు. వ్యవహారంలో ‘నరం’ స్థితీ ఇంతే. ‘నరానికి సూది’ అన్నప్పుడు అది సిర. ‘నరాల జబ్బు’ అన్నప్పుడు స్పర్శను, కదలికను నడిపే తంతువు.

మత్తులో స్పృహ తప్పి గంటల తరబడి ఒకే పక్కకు పడి ఉన్న వ్యక్తిలో పిరుదు కండరాలు నలిగి వాచే ప్రమాదముంది. వాటిని చుట్టిన గట్టి పొర అంతగా సాగదు. లోపలి ఒత్తిడి పెరిగి సూక్ష్మ రక్తనాళాల్లో ప్రసరణ మందగిస్తుంది. పెద్ద పిరుదు కండరం కింద నుంచి సాగే, పాఠ్యపుస్తకాలు ‘సయాటిక్ నాడి’ అనే తంతువు, ఆ ఒత్తిడికి దెబ్బతింటుంది. కాలు మొద్దుబారుతుంది, పాదాన్ని పైకెత్తే శక్తి సన్నగిల్లుతుంది. అయితే పాదానికి రక్తాన్ని చేర్చే ప్రధాన ధమని తొడ ముందుభాగం నుంచి దిగుతుంది, పిరుదు గుండా కాదు. అందువల్ల పాదంలో నాడి మామూలుగానే కొట్టుకుంటూ ఉండవచ్చు.

ఈ స్థితిలో ‘కాలిలో నాడి బాగానే ఉంది’ అనే వాక్యాన్ని పరిశీలించాలి. చెప్పేవారికి అది రక్తప్రసరణ సమాచారం. వినే బంధువులకు నరానికి ముప్పు లేదన్న హామీ. వాక్యం సత్యమే, అది కలిగించే నమ్మకం మాత్రం అసత్యం. ‘తిమ్మిరి’ అనే పదమూ ఇలాంటిదే. కాసేపట్లో తగ్గే అనుభవానికీ శాశ్వత నష్టానికీ అదే పేరు కావడంతో ఆలస్యం సహజమనిపిస్తుంది. రక్తం అందని కండరం సుమారు 6 నుంచి 8 గంటల్లో కోలుకోలేని స్థితికి చేరవచ్చు. పొరను కోసి ఒత్తిడి తగ్గించే శస్త్రచికిత్స ఆలోగా జరగాలి.

సందర్భమే అర్థాన్ని నిర్ణయిస్తుందనే వాదన ఉంది. ‘ప్రజల నాడి’ వంటి ప్రయోగాల్లో అది చెల్లుతుంది. ఇక్కడ రెండు అర్థాలూ ఒకే రోగి కాలికే చెందుతాయి. విడదీయడానికి సందర్భం చాలదు. కాబట్టి పాత పదాలను బహిష్కరించనక్కరలేదు గాని, ‘ధమని కొట్టుకుంటోంది, పాదంలో స్పర్శ లేదు’ అని రెండు విషయాలనూ వేర్వేరుగా చెప్పే వాక్యం అవసరం. పరిభాషా సంఘాలు పర్యాయపదాల పట్టికలతో ఆగక, అవి వాక్యంలో ఎలా వినిపిస్తాయో కూడా పరీక్షించాలి.