ఆకు తిననివ్వండి

సీతాకోకచిలుకల కోసం తోట వేశామని ఎవరైనా అంటే నేను పూల వంక చూడను. ముందు ఆకులు చూస్తాను. ఒక్క చిల్లయినా లేకుండా ఆకులన్నీ నిగనిగలాడుతుంటే అది తోట కాదు, పెళ్లిపందిరి. కరివేప రెమ్మలు ఈనెల దాకా కొరుక్కుపోయి, జిల్లేడాకులు సగానికి సగం మాయమై, గన్నేరు చిగుళ్లు మొండిగా మిగిలాయా, అక్కడ పని తెలిసిన చెయ్యి తిరిగిందన్నమాటే.

అలాంటి పనితనం చూడాలంటే మన గుడివాడ వాళ్లం రైలెక్కి విశాఖ వెళ్లాల్సిందే. పెదవాల్తేరులో రాణీ చంద్రమణీదేవి ఆసుపత్రి ఆవరణలో 2002లో జీవవైవిధ్య ఉద్యానవనం మొదలైంది. అండ అప్పటి పట్టణాభివృద్ధి సంస్థ వుడాది. చెమట డాల్ఫిన్ నేచర్ కన్జర్వేషన్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థది. దాని వెనకున్న మనిషి ప్రొఫెసర్ ఎం. రామమూర్తి గారు. ఉన్నది మూడెకరాలే, అందులో రెండు వేల పైచిలుకు మొక్కల రకాలు! నగరం నడుమ అంత చిన్న చోట అన్ని రకాలను కుదురుగా బతికించడం మాటలు కాదు. పార్కంటే పచ్చిక, సిమెంటు బల్ల, ఫౌంటెన్ అనుకునే రోజుల్లో అంతకు తెగించినవారికి చేతులెత్తి మొక్కాలి.

ఈ విద్య ఎక్కడ పుట్టిందంటారా? పూవుకీ పురుగుకీ ఉన్న లావాదేవీ మీద 1793లోనే స్ప్రెంగెల్ అనే జర్మన్ బడిపంతులు పుస్తకం రాశాడు. పొద్దస్తమానం పూలు చూస్తూ కూర్చుని బడి పట్టించుకోలేదని ఆయన ఉద్యోగం ఊడబెరికారని చెప్పుకుంటారు. మనవాళ్ల సంగతికొస్తే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సి. సుబ్బారెడ్డి గారు, ఆయనతో పనిచేసినవారు చేసింది నా దృష్టిలో అంతకన్నా గొప్ప పని. గుడ్డు దగ్గర నుంచి రెక్కలొచ్చేదాకా సీతాకోకచిలుకలను పెంచి, పురుగు ఎంత ఆకు తిన్నదీ, ఎంత విసర్జించిందీ తూకం వేసి లెక్క తేల్చారు. అదే విశ్వవిద్యాలయపు సాల్మన్ రాజు గారు కోరింగ మడచెట్లకు ఏ పురుగు పుప్పొడి మోస్తుందో వెతికారు. సినిమా తారల విగ్రహాలకు దొరికే కూడళ్లు వీళ్లకెందుకు దొరకవో నాకు తెలియదు.

పనిలోకి వద్దాం. తోటకు రెండు రకాల మొక్కలు కావాలి, పెద్దపురుగు తేనె తాగేవి, పిల్లపురుగు ఆకు మేసేవి. మొదటి రకం ఎవరైనా నాటుతారు. నూరువరహాలు, బిళ్లగన్నేరు పెడితే చాలు, రెక్కలవి నాలుగు వచ్చి వాలతాయి. వచ్చినవి మన దగ్గరే కాపురం పెట్టాలంటే మాత్రం రెండో రకం ఉండాలి. నిమ్మ చిలుక కరివేప చుట్టూ తిరగడం దగ్గర నుంచి గమనించండి. ఆకు మీద వాలీ వాలకుండా ముందుకాళ్లతో టపటపా తడుతుంది. ఆ కాళ్లతోనే ఆకు రుచి చూస్తుంది. నచ్చితే కడుపు వంచి లేత చిగురు మీద ఆవగింజంత గుడ్డొకటి అంటించి పోతుంది. దాంట్లోంచి వచ్చే పురుగు మొదట అచ్చం పిట్టరెట్టలా ఉంటుంది, పిట్టలు ముట్టవు. ముదిరాక పచ్చబడుతుంది. వేలితో తాకితే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ములు రెండు బయటపెట్టి ఘాటు వాసన వదులుతుంది. ఆ చమత్కారం చూసిన పిల్లవాడు మళ్లీ పురుగుమందు డబ్బా ముట్టడు.

ఒక్కోదానికి ఒక్కో వంటిల్లు. గన్నేరుది ఒకటి, ఆముదానిది ఇంకొకటి, అశోక చెట్టు ఆకుది మరొకటి. ఎర్ర ఒంటి చిలుకలకు ఈశ్వరి తీగ లేకపోతే పూట గడవదు. ఇక జిల్లేడు! నేను జిల్లేడు పక్షం, దాచుకోను. దాని పాలలోని విషం తిని పెరిగిన పురుగే నారింజ రెక్కల ప్లెయిన్ టైగర్ అవుతుంది, పిట్ట దాని జోలికి రాదు. నల్లతుమ్మెద జిల్లేడు పూవు మీద తేనెకు కాలూనితే పూవు చీలికలో కాలు ఇరుకుతుంది. లాక్కునేసరికి పుప్పొడి ముద్దలు జంటగా కాలికి తగులుకుని వస్తాయి. తుమ్మెదను తక్కువ అంచనా వేయకండి. వంకాయ పూవు పుప్పొడిని కొసనున్న సన్నని రంధ్రాల్లోంచే వదులుతుంది, పూవును పట్టుకుని ఝుమ్మని ఒళ్లు అదిరించినప్పుడే అది రాలుతుంది. తుమ్మెదకూ నీలిచారల ఈగకూ ఆ విద్య వచ్చు, పట్టుతేనెటీగకు రాదు.

మన డెల్టా నేలకు మాత్రం జాగ్రత్తలు వేరు. నల్లమట్టిలో వానాకాలం నీరు నిలిస్తే జిల్లేడు కుళ్లుతుంది, మడులు జానెడెత్తు లేపాలి. పొద్దున ఎండ సూటిగా పడాలి, రెక్కలు కాగందే ఇవి ఎగరవు. ఒక మూల మట్టి తడిగా ఉంచితే ఉప్పు పీల్చడానికి గుంపుగా దిగుతాయి. కాసింత నేల వట్టిదిగా వదలాలి, మట్టిలో గూడు కట్టే ఈగలుంటాయి. ఎండిన వెదురు ముక్కలు పారేయొద్దు, తుమ్మెద తొలిచేది వాటినే. ఓ చారెడు జనుము చల్లితే మగ టైగర్లు వాడిన కాడలు గీకడానికి ఎగబడతాయి. వాటి పెళ్లిసరంజామా అందులో ఉంది మరి.

ఇంత తేలికైన పని వదిలేసి మనం చేస్తున్నదేమిటి? ఒక ఊరి పార్కులో నిలువెత్తు సిమెంటు సీతాకోకచిలుకను కట్టి సెల్ఫీలు తీసుకోమన్నారు. దాని చుట్టూ డ్యురాంటా కంచె. వదిలేస్తే డ్యురాంటాకూ పూలొస్తాయి, చిలుకలూ వాలతాయి. వారానికోసారి కత్తెర పడుతుంటే పూసేదెప్పుడు? వీధి పొడవునా కోనోకార్పస్, దాని ఆకు మీద గుడ్డు పెట్టిన చిలుకను నేనింతవరకు చూడలేదు. ముద్దమందారాలు, ముద్దబంతులు కంటికి నిండుగానే ఉంటాయి. ఆ రేకుల గుట్టలో ఈగకు దొరికేది అంతంతమాత్రం. రెక్కమందారాన్ని మోటు అని పీకేసేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. నందివాడ వైపు పొలాలు చేపల చెరువులైపోయాయి, మిగిలిన పొలం గట్ల మీద గడ్డిమందు. గడ్డిచామంతి బతకడానికి గట్టు కూడా లేదు. (గడ్డిచామంతి విదేశీదే, నాకు తెలుసు. ఆకలి తీర్చేదానితో నాకు తగువు లేదు.)

వినాయక చవితి పత్రి చూడండి. మారేడు, రేగు, దానిమ్మ, గన్నేరు, జిల్లేడు. ఇవన్నీ ఏదో ఒక చిలుక పిల్లలకు మేతే. పూర్వం పెరట్లో కోసుకునేవాళ్లం. ఇప్పుడు బజారులో ఇరవై ఒక్క రకాలంటూ అమ్మే కట్ట విప్పి చూస్తే నాలుగు రకాలుంటే గొప్ప, మిగతాదంతా రోడ్డుపక్క రొట్ట.

గుడివాడ పార్కుల్లో ఒక దానిలో పది సెంట్ల మూల చాలు. తొలకరికి ముందే ఇస్తే మారేడు, కరివేప, గన్నేరు, నూరువరహాలు, ఈశ్వరి తీగ తెచ్చే ఇళ్లు ఈ ఊళ్లో ఉన్నాయి. ఏయన్నార్ కాలేజీలో వృక్షశాస్త్రం చదివే పిల్లలున్నారు, ఉదయపు నడకకు వచ్చే రిటైర్డు మాస్టార్లున్నారు. మున్సిపాలిటీ వారు డబ్బు ఇవ్వక్కర్లేదు. ఆ మూలకు కత్తెర, గడ్డిమందు రావని కాగితం మీద రాసివ్వాలి. గేటు దగ్గర బోర్డు పెడితే దాని మీద దాతల పేర్లు వద్దు, ఆకు మీద పురుగును దులపవద్దని పెద్దక్షరాలతో రాయించండి.