తరాలు విప్పే పెద్దాయన

పశ్చిమ కెన్యాలో, విహిగా కొండల మధ్య లోగోలీ తెగవాళ్ల ఇళ్లలో పెళ్లిమాట వచ్చిందంటే వంశం తెలిసిన పెద్దల మాట కావాలి. తండ్రి, తాత, ముత్తాత, ఆపైన అమ్మమ్మ పుట్టింటివాళ్లు... పేర్లన్నీ వాళ్ల నోటిమీదే ఉంటాయి. ఎక్కడైనా వంశం కలిసిందా, సంబంధం ఆగినట్టే.

లోగోలీల మూలపురుషుడు ములోగోలి. ఆయన కొడుకులు సాలి, కిజుంగు, కిలిమ, మావి పేర్లమీదే నాలుగు పెద్ద వంశాలు. అసలు చిక్కు తర్వాత మొదలవుతుంది: బిడ్డకు గతించినవారి పేరు పెడతారు కాబట్టి అదే పేరు తరతరానా తిరిగొస్తుంది. ఏ తరం మనిషో, ఎవరి కొడుకో విడదీసి చెప్పడం మామూలు పని కాదు.

ఈ వంశాల మాటలు కాలక్షేపం కబుర్లు కావు. చరిత్రకారుడు గిడియన్ వెరే 1967లో ప్రచురించిన, లోగోలీలు కూడా భాగమైన అబలూయియా జనుల చరిత్రకు ఇలాంటి నోటిమాటలే ముఖ్య ఆధారం. అయితే విన్నదాన్ని పక్క వంశంవాళ్ల దగ్గర సరిచూడక తప్పదు. ఎవరి తాత వాళ్లకు గొప్పే మరి!